డ్రోన్ కెమెరాతో ఫొటోలు: చేతుల సాధన నుంచి చిత్రం వరకు

ఇప్పటి కెమెరా డ్రోన్‌ను పెట్టెలోంచి తీసిన గంటలోపే గాలిలోకి లేపవచ్చు. రిమోట్ మీది స్టిక్‌ల నుంచి వేళ్లు తీసేసినా అది ఉన్నచోటే నిలబడుతుంది, ఒక్క బటన్ నొక్కితే బయలుదేరిన చోటికి తిరిగి వస్తుంది. అందువల్ల నడపడం ప్రత్యేకంగా నేర్చుకోనక్కరలేదని, నేరుగా ఫొటోలు మొదలుపెట్టవచ్చని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. కానీ ఆ నిలకడ మన చేతులది కాదు. ఉపగ్రహాల నుంచి అందే జీపీఎస్ సంకేతాలు, లోపలి కంపాస్, నేలను గమనిస్తూ ఉండే కింది వైపు కెమెరాలు కలిసి ఇచ్చే నిలకడ అది. ఎత్తైన కట్టడాల పక్కనో, చెట్ల గుబురు కిందనో, చీకటి పడే వేళ నీటి మీదనో ఆ సాయం సన్నగిల్లితే డ్రోన్ గాలివాటున జారిపోతుంది. అప్పుడు దాన్ని ఆపవలసింది మన వేళ్లే.

నడపడం ముందు నేర్చుకోమనడానికి ఫొటోకు సంబంధించిన కారణం కూడా ఉంది. డ్రోన్ ముఖం ఎటు ఉంది, ఏ స్టిక్‌ను ఎటు తోయాలి అని ఆలోచిస్తున్నంతసేపూ ఫ్రేమ్ అంచున ఏది తెగిపోతోందో, నీడ ఎక్కడ పడుతోందో మనసుకు పట్టదు. ఒక బ్యాటరీ మీద దొరికే ఇరవై, ముప్పై నిమిషాల ధ్యాసలో ఎంత భాగం నడపడానికి ఖర్చయిపోతే చూడటానికి అంత తక్కువ మిగులుతుంది. అందుకే ఈ వ్యాసంలో కెమెరా సంగతి చివరకు వస్తుంది.

గాలిలో డ్రోన్ కదిలే తీరు

నాలుగు మోటార్లున్న డ్రోన్‌లో ఎదురెదురు మూలల్లో ఉన్న జత ఒక దిశలో, మిగిలిన జత వ్యతిరేక దిశలో తిరుగుతాయి. ఒక జత పుట్టించే మెలిని రెండో జత రద్దు చేస్తుంది గనుక డ్రోన్ బొంగరంలా తిరిగిపోకుండా నిలుస్తుంది. ఒక జత వేగం పెంచి రెండో జత వేగం తగ్గిస్తే అది ఉన్నచోటే ముఖం తిప్పుతుంది. వెనక మోటార్లు వేగం పుంజుకుంటే ముందుకు వంగి ఆ వైపు కదులుతుంది. అంటే డ్రోన్ ఎటు వెళ్లాలన్నా, గాలికి ఎదురుగా ఉన్నచోట నిలబడాలన్నా ఒక పక్కకు వంగవలసిందే.

ఈ వంపు స్క్రీన్ మీద కనిపించదు, ఎందుకంటే కెమెరాను మోసే మోటార్ల చట్రం, గింబల్, దాన్ని మట్టంగా పట్టుకునే ఉంటుంది. పైన బలమైన గాలికి డ్రోన్ బాగా వంగి, మోటార్లు పూర్తి శక్తితో తిరుగుతున్నా చేతిలోని చిత్రం మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. స్క్రీన్‌నే చూస్తూ నడపడం అలవాటైనవారు ప్రమాదాన్ని ఆలస్యంగా గుర్తించడానికి పెద్ద కారణం ఇదే. కొన్ని క్షణాలకొకసారి తలెత్తి డ్రోన్‌నే చూడటం మొదటి రోజు నుంచి అలవాటు చేసుకోవాలి. అనేక దేశాల్లో డ్రోన్ కంటికి కనిపించే దూరంలోనే ఉండాలన్న నిబంధన కూడా ఉంది.

ఏ స్టిక్ ఏ పని చేయాలన్న అమరికను మోడ్ అంటారు, ఎక్కువమంది వాడేది మోడ్ 2. అందులో ఎడమ స్టిక్ పైకీ కిందికీ కదిలితే ఎత్తు మారుతుంది, పక్కలకు కదిలితే డ్రోన్ ముఖం తిరుగుతుంది. కుడి స్టిక్ డ్రోన్‌ను ముందుకు, వెనక్కు, పక్కలకు తీసుకెళుతుంది. మరొకరి రిమోట్ చేతికి తీసుకున్నప్పుడు మోడ్ ఏదో తప్పనిసరిగా చూసుకోవాలి.

లేపే ముందు నేల మీద చేయవలసినవి

సాధనకు చెట్లు, తీగలు, మనుషుల రాకపోకలు లేని విశాలమైన మైదానం కావాలి. గాలి నెమ్మదిగా ఉండే ఉదయం పూట మేలు. ప్రొపెల్లర్లను ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూసి, అంచున చిన్న గాటు ఉన్నా మార్చేయాలి. గాటు పడ్డ రెక్క వల్ల కలిగే ప్రకంపన మోటారును పాడుచేస్తుంది, ఫొటోను మసకబారుస్తుంది. బ్యాటరీ గడి పడిన చప్పుడు వినిపించేదాకా నొక్కాలి. గింబల్ తొడుగు తీయకుండా స్విచ్ వేస్తే గింబల్ మోటార్లు ఇరుక్కుని అవస్థపడతాయి. ముందు రిమోట్‌ను, తరువాత డ్రోన్‌ను ఆన్ చేయాలి. దిగాక ముందు డ్రోన్‌ను, ఆపైన రిమోట్‌ను ఆపాలి.

కారు బానెట్ మీది నుంచో, లోపల ఇనుప చువ్వలున్న కాంక్రీటు నేల మీది నుంచో బయలుదేరవద్దు. ఆ లోహం కంపాస్‌ను తప్పుదారి పట్టిస్తుంది, నేల మీద మామూలుగానే కనిపించిన డ్రోన్ గాలిలోకి లేచాక వంకర తిరుగుళ్లు తిరుగుతుంది. తగినన్ని ఉపగ్రహాలు దొరికి, బయలుదేరిన చోటు హోమ్ పాయింట్‌గా నమోదైందని రిమోట్ చెప్పేవరకు ఆగాలి. తొందరపడి ముందే లేపితే, తిరిగి రమ్మన్నప్పుడు అది ఎక్కడికి రావాలో దానికి సరిగా తెలియదు.

రిటర్న్ టు హోమ్ ఎత్తును, అంటే తిరిగి వచ్చేముందు డ్రోన్ ఎక్కే ఎత్తును, చోటు మారినప్పుడల్లా మార్చాలి. చుట్టుపక్కల అన్నింటికన్నా ఎత్తైన చెట్టునో కట్టడాన్నో కంటితో అంచనా వేసి దానికి ఇరవై మీటర్లు కలపడం నా పద్ధతి. దీనితోపాటు సిగ్నల్ తెగితే డ్రోన్ ఏం చేయాలన్నది కూడా ముందే నిర్ణయించాలి. ఒకసారి నేను వంతెన కింది కమానులను తీస్తుండగా సిగ్నల్ తెగిపోయింది. ఇంటికి రమ్మన్న ఆదేశం దానిలో ఉంది గనుక అది నిర్ణీత ఎత్తుకు ఎక్కబోయి, వంతెన అడుగును ఢీకొని నీటిలో పడిపోయింది. డ్రోన్ తప్పేమీ లేదు, నేను చెప్పిన పనే అది చేసింది. తలపైన కప్పు ఉన్నచోట సిగ్నల్ తెగినప్పుడు ఉన్నచోటే నిలబడమనే అమరిక పెట్టుకోవాలి. ఆ సంగతి ఒక డ్రోన్ పోగొట్టుకున్నాకే నేను నేర్చుకున్నాను.

నిబంధనలు దేశానికొక రకంగా ఉంటాయి. అయితే 250 గ్రాముల బరువు చాలాచోట్ల ఒక ముఖ్యమైన హద్దు, నేల నుంచి సుమారు 120 మీటర్లు చాలాచోట్ల గరిష్ఠ ఎత్తు. విమానాశ్రయాల దరిదాపులు, సైనిక స్థలాలు, గుమిగూడిన జనం పైభాగం అన్నిచోట్లా నిషిద్ధమే అనుకుని నడుచుకోవాలి. ఇతరుల ఇళ్ల ఆవరణల మీదికి కెమెరా తిప్పకూడదు, పక్షులు గూళ్లు కట్టుకున్న చోటికి డ్రోన్‌ను తీసుకెళ్లకూడదు.

చేతుల సాధన

మొదటి ఎనిమిది, పది బ్యాటరీలు ఒక్క ఫొటో కూడా తీయకుండా ఖర్చుచేయమని నా సలహా. ఇది కష్టమైన సలహా అని తెలుసు, కానీ ఆ తరువాతి ఏడాది పొడుగునా దాని ఫలితం కనిపిస్తుంది.

డ్రోన్ తోక మీ వైపు ఉండేలా నేల మీద పెట్టి, లేపి, మూడు మీటర్ల ఎత్తులో నిలపండి. అంతకన్నా బాగా కిందికి ఉంటే రెక్కల గాలి నేలకు తగిలి తిరిగివచ్చి డ్రోన్‌ను ఊపుతుంది. అక్కడి నుంచి కుడి స్టిక్‌ను మాత్రమే వాడుతూ పది మీటర్ల భుజంతో చతురస్రం గీయండి, ప్రతి మూలలోనూ పూర్తిగా ఆపండి. ఆపడం కూడా సాధనే. వేగంగా వెళుతున్న డ్రోన్ స్టిక్ వదిలిన వెంటనే ఆగదు, కొన్ని మీటర్లు జారుతుంది. ఆ జారే దూరం చేతికి అలవాటు కావాలి. తరువాత అదే చతురస్రాన్ని ప్రతి మూలలో ముఖం తొంభై డిగ్రీలు తిప్పుతూ గీయండి.

అసలు పరీక్ష డ్రోన్ ముఖం మన వైపు ఉన్నప్పుడు ఎదురవుతుంది. అప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయి. డ్రోన్ మన కుడివైపుకు జారిపోతుంటే తెలియకుండానే చెయ్యి స్టిక్‌ను ఎడమకు తోస్తుంది, దాంతో అది ఇంకా కుడికి పోతుంది. కొత్తవారి డ్రోన్లు చెట్లకు తగలడం నేను ఎక్కువగా ఈ సందర్భంలోనే చూశాను. దీనికి ఒక సూత్రం ఉంది: ముఖం మీ వైపు ఉన్నప్పుడు డ్రోన్ ఎటు జారుతోందో స్టిక్‌ను అటే తోయండి, అది వెనక్కు వస్తుంది. ఈ సూత్రం ఆలోచనలో ఉంటే చాలదు, వేళ్లలోకి దిగాలి. అందుకు రోజూ ఒక అర బ్యాటరీ చొప్పున డ్రోన్ ముఖాన్ని మీ వైపే ఉంచి చతురస్రాలు గీయడం ఒక్కటే మార్గం. తెర మీద ఉత్తుత్తి డ్రోన్‌ను నడిపించే సిమ్యులేటర్ అందుబాటులో ఉంటే ఈ తారుమారును అందులో సాధన చేయడం ఎంతో ఉపకరిస్తుంది, అక్కడ రెక్కలు విరగవు.

తరువాతిది ఒక వస్తువును మధ్యలో ఉంచి దాని చుట్టూ తిరగడం. మైదానం మధ్యలో ఒక సంచి పెట్టి, కెమెరా దాని మీదే ఉండేలా ప్రదక్షిణ చేయించండి. డ్రోన్ తన కుడివైపుకు కదలాలంటే కుడి స్టిక్ కుడికి, ముఖం కేంద్రం వైపే ఉండాలంటే ఎడమ స్టిక్ ఎడమకు, అంటే రెండు స్టిక్‌లూ ఒకదానికొకటి దూరంగా జరగాలి. వ్యతిరేక దిశలో తిరగడానికి రెండూ ఒకదానివైపు ఒకటి రావాలి. ఈ పని ఆటోమేటిక్‌గా చేసే మోడ్ చాలా డ్రోన్లలో ఉంటుంది. అయినా చేత్తో నేర్చుకున్నవారికే వృత్తం మధ్యలో వెలుగు మారినప్పుడు వేగం తగ్గించి, కాస్త దగ్గరికి జరిగి, మళ్లీ కొనసాగడం సాధ్యమవుతుంది. ఆ తరువాత ముఖం ప్రయాణ దిశలోనే ఉంచి ఎనిమిది అంకె గీయండి. నాలుగు సార్లు ఆగకుండా, ఎత్తు మారకుండా గీయగలిగిన రోజున మీరు కెమెరా వైపు మళ్లవచ్చు.

స్టిక్‌లు మరీ చురుకుగా అనిపిస్తే సెట్టింగ్‌లలో వాటి స్పందనను మెత్తబరచవచ్చు. వేగంగా పోవడానికి ఉన్న స్పోర్ట్ మోడ్‌ను మాత్రం ఇప్పట్లో ముట్టుకోవద్దు. చాలా డ్రోన్లలో ఆ మోడ్ వేయగానే అడ్డంకులను గుర్తించే సెన్సార్లు పనిచేయడం మానేస్తాయి.

దిగేటప్పుడు నిట్టనిలువుగా వేగంగా దించకూడదు. తన రెక్కలు కిందికి తోసిన గాలిలోకే డ్రోన్ దిగుతూ పోతే రెక్కలకు పట్టు తప్పి ఊగిపోతుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి జారిపోతుంది. కొంచెం ముందుకో పక్కకో నడుపుతూ వాలుగా దించితే అది ఎప్పుడూ కదలని గాలిలోనే ఉంటుంది. ఇలాంటి ఊపు మొదలైతే పక్కకు తప్పుకోవడమే మందు.

బ్యాటరీ, గాలి

తయారీదారు చెప్పే ఎగిరే సమయం గాలి లేని వాతావరణంలో కొత్త బ్యాటరీతో లెక్కించింది. దాంట్లో మూడొంతుల్లో రెండొంతులు మన చేతికి వస్తుందనుకుని ప్రణాళిక వేసుకోవడం క్షేమం. ముప్పై శాతం మిగిలేసరికి డ్రోన్ తిరుగు ప్రయాణంలో ఉండాలన్నది నేను ఎన్నడూ సడలించని నియమం.

ఆ నియమం కూడా గాలి ముందు చాలకపోవచ్చు. డ్రోన్ సెకనుకు 12 మీటర్ల వేగంతో పోగలదనీ, గాలి సెకనుకు 7 మీటర్ల వేగంతో వీస్తోందనీ అనుకుందాం. గాలివాటున వెళితే దాని వేగం 19 మీటర్లవుతుంది, కిలోమీటరు దూరం 53 సెకన్లలో ముగుస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలిలో దాని వేగం 5 మీటర్లే, అదే కిలోమీటరుకు 200 సెకన్లు పడుతుంది. వెళ్లిన సమయాన్ని బట్టి రావడానికి పట్టే సమయాన్ని అంచనా వేసేవారు మోసపోయేది ఇక్కడే. అందువల్ల ముందు ఎదురుగాలిలోకి వెళ్లి, బ్యాటరీ తగ్గాక గాలివాటున తిరిగి రావాలి. నేల మీద ఆకు కదలకపోయినా పైన గాలి గట్టిగా ఉండవచ్చు, ఎత్తుతోపాటు గాలి వేగం సాధారణంగా పెరుగుతుంది. ఎదురుగాలిలో రాలేకపోతున్నప్పుడు కిందికి దించితే చాలాసార్లు దారి దొరుకుతుంది.

ఈ బ్యాటరీల్లో ఒక్కో సెల్ సాధారణంగా 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది. వారాల తరబడి వాడనప్పుడు నిండుగానూ ఖాళీగానూ కాక 3.8 వోల్టుల దరిదాపుల్లో ఉంచాలి. ఎగిరి వచ్చి వేడిగా ఉన్న బ్యాటరీని చల్లబడనిచ్చాకే ఛార్జింగ్‌కు పెట్టాలి. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది గనుక ఎగరేసేవరకు జేబులో వెచ్చగా ఉంచుకోవాలి. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి వాడదామన్న ఆలోచన రానివ్వకండి.

ఇక చిత్రం

ఆకాశం నుంచి మొదటి ఫొటోను 1858లో ప్యారిస్ సమీపాన నాదార్ అనే ఫొటోగ్రాఫర్ బెలూన్ నుంచి తీశాడు. 1888లో ఫ్రాన్స్‌లోనే ఆర్థర్ బాతూ గాలిపటానికి కెమెరా కట్టి తీశాడు. బెలూన్‌ను తాడు, గాలిపటాన్ని గాలి ఎక్కడ నిలబెడితే అక్కడి నుంచి మాత్రమే వారు చూడగలిగారు. మన చేతిలో ఉన్న డ్రోన్ ఆరున్నర మీటర్ల ఎత్తులో, ఒక కొమ్మకు రెండు మీటర్ల ఎడమగా నిలబడమంటే నిలబడుతుంది. ఇంత కచ్చితంగా చోటు ఎంచుకునే వీలుండగా, కొత్తవారు దాదాపు అందరూ అనుమతించిన గరిష్ఠ ఎత్తుకు వెళ్లి అక్కడి నుంచే తీస్తారు. అక్కడి నుంచి చూస్తే చెట్టూ కట్టడమూ నేలకు అతుక్కుపోయి, అంతా పటంలా చదునుగా కనిపిస్తుంది. నాకు నచ్చిన ఫొటోల్లో అధిక భాగం పది నుంచి నలభై మీటర్ల మధ్య తీసినవే. ఆ ఎత్తుల్లో ముందున్న వస్తువుకూ వెనకున్న దానికీ మధ్య దూరం ఇంకా తెలుస్తూనే ఉంటుంది, డ్రోన్ రెండు మీటర్లు పక్కకు జరిగినా కూర్పు మొత్తం మారిపోతుంది. నూరు మీటర్ల పైన పది మీటర్లు జరిగినా మారేది స్వల్పమే.

సూర్యుడు కిందికి ఉన్న వేళలే పైనుంచి తీయడానికి అనువైనవి. కెమెరాను నిలువుగా కిందికి వంచి తీసే ఫొటోలో వస్తువుల ఎత్తు కనిపించదు గనుక ఆకారం చెప్పే పని నీడ చేయాలి. ఒంటరి చెట్టును పైనుంచి చూస్తే పచ్చని గుండ్రటి మచ్చ, దాని పక్కన పొడవుగా పడిన నీడలోనే కొమ్మలున్నాయని తెలుస్తుంది. ఇలాంటి ఫొటోల్లో డ్రోన్ ముఖాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ గట్లను, దారులను ఫ్రేమ్ అంచులకు సమాంతరంగానో, మూల నుంచి మూలకో సర్దాలి. రెండూ కాని వంకర పొరపాటులా కనిపిస్తుంది. తక్కువ ఎత్తులో సూర్యుడు వెనక ఉంటే డ్రోన్ నీడ కూడా ఫ్రేమ్‌లో పడుతుంది, చూసుకోవాలి.

కెమెరా అమరికలు నేల మీద ఉన్నప్పుడే ముగించండి. కెమెరా పట్టిన సమాచారాన్ని మార్చకుండా దాచే రా ఫైల్‌లో తీయాలి, వెలుగుకు కెమెరా స్పందనను చెప్పే అంకె ఐఎస్ఓను 100 దగ్గర ఆపాలి, ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్‌ను స్క్రీన్ మీద ఉంచాలి. డ్రోన్ల చిన్న సెన్సార్లలో తెల్లబారిపోయిన ఆకాశాన్ని తిరిగి తెచ్చుకోలేము, నీడల్లోని వివరాన్ని కొంతవరకు తెచ్చుకోవచ్చు. అందుకే హిస్టోగ్రామ్ కుడి అంచును తాకకుండా కాస్త చీకటిగానే తీయాలి. ఆకాశానికీ నేలకూ వెలుగులో భారీ తేడా ఉంటే వేర్వేరు ఎక్స్‌పోజర్లతో, అంటే లోపలికి చేరే వెలుగును మారుస్తూ, వరుసగా మూడో ఐదో తీసే బ్రాకెటింగ్ వాడాలి. సంధ్య వెలుగులో షటర్ సెకనులో చెప్పుకోదగ్గ భాగం తెరిచి ఉండవలసి వస్తే, స్టిక్‌లు వదిలి డ్రోన్ కుదురుకునేదాకా రెండు, మూడు సెకన్లు ఆగి, ఒకే ఫొటోను ఐదారు సార్లు తీయండి; వాటిలో ఒకటి తప్పక స్పష్టంగా వస్తుంది.

కెమెరాలోకి వచ్చే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు ఫొటోలకు సాధారణంగా అక్కరలేదు, వాటి అవసరం వీడియోకు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో కదలిక సహజంగా కనిపించాలంటే షటర్ 1/50 సెకను దగ్గర ఉండాలి. ఎండలో 1/800 కోరుతున్న వెలుగును ఎన్‌డీ 16 ఫిల్టర్ పదహారో వంతుకు తగ్గించి 1/50కి తెస్తుంది. పోలరైజర్ అనే మరో ఫిల్టర్ నీటి మీది మెరుపును తగ్గిస్తుంది గానీ, దాన్ని ఏ కోణంలో తిప్పాలో నేల మీదే నిర్ణయించుకోవాలి, గాలిలో సర్దే వీలుండదు.

ఒక్క ఫ్రేమ్‌లో పట్టని దృశ్యానికి, పక్కపక్క ఫొటోలను ఒకటిగా కలిపే పనోరమా తీసేటప్పుడు డ్రోన్‌ను కదల్చకుండా ముఖాన్ని మాత్రమే తిప్పుతూ, ఒక్కో ఫొటో ముందుదానితో మూడో వంతు కలిసేలా తీయాలి. ఎక్స్‌పోజర్ అన్నింటిలోనూ ఒకటే ఉండాలి, లేకపోతే ఆకాశంలో చారలు పడతాయి. ఫొటోల్లో దిగంతం వాలుగా వస్తుంటే డ్రోన్‌ను సమతలమైన నేల మీద పెట్టి గింబల్‌ను కాలిబ్రేట్ చేయాలి, అంటే దాని మట్టాన్ని సరిచేయాలి.

మొదటి ఫొటోల సాధనకు గొప్ప దృశ్యాల కోసం వెతకవద్దు. దగ్గర్లో సులువుగా చేరుకోగలిగిన ఒంటరి చెట్టునో, రాతి గుట్టనో ఎంచుకుని దాన్ని 5, 15, 40, 100 మీటర్ల ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో కెమెరాను ఏటవాలుగా ఒకసారి, నిలువుగా కిందికి ఒకసారి వంచి తీయండి. ఇదే పనిని సూర్యోదయమైన అరగంటకు, మధ్యాహ్నం, సూర్యాస్తమయానికి అరగంట ముందు చేస్తే ఒక రోజులో ఇరవై నాలుగు ఫొటోలవుతాయి. వాటిని పెద్ద తెర మీద పక్కపక్కన పెట్టి, ఏ ఎత్తులో చెట్టు చెట్టులా ఉండటం మానేసిందో, ఏ వేళకు నీడ దాన్ని తిరిగి నిలబెట్టిందో రాసుకోండి. రెండో వారం అదే చెట్టు దగ్గరికి, ఆ రాసుకున్న ఎత్తుకు, ఆ వేళకు వెళ్లి ఒక్క ఫొటో తీయండి.